నాలుగో మడి

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూలై ఒకటో తేదీ ఉదయం, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే దారికి కొంచెం లోపలగా ఉన్న ఒక పల్లె పశువైద్యశాలలో చేరాను. ఊరి పేరు రాయను. అక్కడి వాళ్లు ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తుంటారు, ఆ సౌకర్యం పోగొట్టుకోవడం ఇష్టం లేదు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. నేను ఎవరికి అసిస్టెంటునో ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరూ చెప్పలేదు. ఆ కేంద్రంలో నేను కాక ఉన్నది ఒక్కడే, అటెండర్ యాదగిరి. అతనికి అప్పటికే యాభై దాటాయి. నా కంటే ఎక్కువ బర్రెలను చూశాడు, ఆ సంగతి ఎప్పుడూ బయటికి అననంత మర్యాదస్తుడు. రికార్డుల్లో మేము గేదె అని రాస్తాం, బయట బర్రె అంటాం. ఇక్కడ బర్రె అనే రాస్తాను.

ఊరి వెనక ఒక మందుల కంపెనీ ఉండేది. దాని పక్క నుంచి పారే నాలా ఒక్కో నెల ఒక్కో రంగులో ఉండేది. అందుకని ఆ ఊళ్లో పశువు చస్తే రెండే కారణాలు చెప్పేవారు: ఒకటి కంపెనీ, రెండోది డాక్టర్. మొదటి కారణం చాలాసార్లు నిజమే. రెండోది కూడా ఒకసారి నిజమైంది. ఆ ఒకసారి గురించే ఈ జ్ఞాపకం.

చేరిన మరుసటి ఏడాది శ్రావణం. నర్సింహారెడ్డి అని ఒకాయన ఉండేవాడు, అదే కంపెనీలో ఫిట్టర్‌గా చేసి రిటైర్ అయిన మనిషి. భార్య బాలమ్మ. ఆ ఇంట్లో ఆస్తుల పంపకం స్పష్టంగా ఉండేది. వెనక కొట్టంలోని రెండు బర్రెలు బాలమ్మవి. ముందు వాకిట్లోని పూలమొక్కలు నర్సింహారెడ్డివి. ఒకరి సరిహద్దులోకి ఒకరు పిలవనిదే పోరు.

ఆ పూలమొక్కల సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ల వాకిలి నేలలో ఏది నాటినా బతికేది కాదు. బోరు నీళ్లలోని ఉప్పు పైకి వచ్చి మట్టి మీద తెల్లగా పేరుకునేది. నర్సింహారెడ్డి నేలతో వాదన మానేసి, నడుము ఎత్తున సిమెంటు ఇటుకలతో నాలుగు మడులు కట్టాడు. అడుగున ఇటుక ముక్కలు పరిచి, పైన జోగిపేట దిక్కు బావమరిది చెలక నుంచి తెచ్చిన ఎర్రమట్టి రెండు పాళ్లు, భార్య కొట్టం నుంచి అడిగి తీసుకున్న మాగిన పెంట ఒక పాలు కలిపి నింపాడు. నీళ్లు నిలవకుండా ప్రతి మడికీ కింద పైపు ముక్కలు, అన్నీ ఒకే వాలులో. రసమట్టం పెట్టి చూసి కట్టిన పూల మడులను నేను అంతకు ముందు చూడలేదు. కంపెనీలో మిషన్ల మీద రాసినట్టు వాటికి నంబర్లు కూడా వేశాడు. ఒకటో నంబర్‌లో బంతి, చామంతి. రెండులో మల్లె, కనకాంబరం. మూడులో మందారం, నందివర్ధనం. నాలుగులో గులాబిరంగు గన్నేరు.

ఆ గన్నేరు కొమ్మలు హైవే డివైడర్ మీద కత్తిరించి పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. లారీల పొగ తాగి బతికే చెట్టు మా ఇంట్లో చావదు అన్నది ఆయన వాదన. వాదనలో తప్పు లేదు. అది చావలేదు.

ఆ ఏడాది ఎండాకాలంలో, పెద్ద బర్రె కడుపులో దూడ ఎలా ఉందో చూడటానికి వెళ్లినప్పుడు, ఆయన నాకు ఆ నాలుగు మడులూ వరుసగా చూపించాడు. నాలుగో దాని దగ్గర ఆగి, పూలు చాలా బాగున్నాయని అన్నాను. గన్నేరులో ఆకు నుంచి వేరు దాకా ప్రతి భాగమూ విషమేనని పశువైద్య కళాశాలలో రెండో ఏడాదే చదువుకుంటాం. ఆ మాట నాకు ఆ రోజు గుర్తుంది కూడా. కానీ పచ్చి గన్నేరును పశువు దానంతట అది ముట్టదు, కొట్టమేమో ఇంటి వెనక ఉంది, టీ చల్లారుతోంది. టీ తాగి వచ్చేశాను.

శ్రావణంలో పెద్ద బర్రె లచ్చి ఈనింది. మూడో రోజు పొద్దున ఆరున్నరకు బాలమ్మ ఫోన్ చేసింది. లచ్చి పడుకున్నది లేవడం లేదు, చెవులు చల్లగా ఉన్నాయి అని. అరగంటలో యాదగిరీ నేనూ అక్కడున్నాం.

వాకిట్లోకి అడుగు పెడుతుంటే మడుల్లోని మొక్కలు పోలీసు కటింగ్ చేయించుకున్నట్టు పొట్టిగా, సమంగా కనపడ్డాయి. కనపడ్డాయి, అంతే. చూడటం వేరే పని. అది తర్వాత చేశాను.

లచ్చి మెడ ఒక పక్కకు తిప్పి పొట్ట మీద ఆనించుకొని ఉంది. ఒళ్లు చల్లగా ఉంది, మూతి ఎండింది. ఈనిన రెండు మూడు రోజుల్లో, పాలు బాగా ఇచ్చే బర్రె ఇలా పడితే దాన్ని పాలజ్వరం అంటాం. పేరులో జ్వరం ఉంది కానీ ఒళ్లు చల్లబడటమే దాని లక్షణం. రక్తంలోని కాల్షియం అంతా పాలలోకి పోవడం వల్ల వస్తుంది. మందు, కాల్షియం సీసా ఒకటి నరంలోకి ఎక్కించడం. చాలాసార్లు సీసా అయిపోయేలోపే బర్రె తేన్చి, పేడ వేసి, లేచి నిలబడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు డాక్టర్‌కు దండం పెడతారు. మా వృత్తిలో దేవుడిలా కనపడే అవకాశం అదొక్కటే కాబట్టి, పాలజ్వరం అనుకోవడానికి ప్రతి పశువైద్యుడూ కొంచెం తొందర పడతాడు.

దానికొక నియమం ఉంది. కాల్షియం గుండె మీద పని చేస్తుంది. అందుకని సీసా పెట్టేముందు నిమిషం పాటు గుండె వినాలి, పెట్టాక కూడా స్టెతస్కోప్ తీయకూడదు. ఆ రోజు నేను పది సెకన్లు విన్నానేమో. వెనక జనం చేరారు. వార్డు మెంబర్ శేఖర్ ఫోన్‌లో వీడియో తీస్తూ నాలా నీళ్ల గురించి పెద్ద గొంతుతో చెబుతున్నాడు. నేల మీద పలచగా, ఎర్రటి చారలతో పేడ ఉంది. పాలజ్వరంలో పేడ గట్టిపడుతుంది, పలచబడదు. ఆ పేడ పక్క బర్రెది అనుకున్నాను. లక్షణం రోగానికి సరిపడకపోతే లక్షణాన్ని పక్కింటికి పంపడం మాలో ఒక పాత అలవాటు.

బాలమ్మతో, ఈ ఒక్క సూదితో లేస్తుంది అని చెప్పి సీసా పెట్టాను.

సగం సీసా పోయింది. లచ్చి ఒక్కసారి వణికింది. నాలుగు కాళ్లూ చాచి, ఒక అరుపు అరిచి, ఆగిపోయింది. నేను సూది లాగేసి ఛాతీ మీద చేతులు వేసే లోపే అక్కడ వినడానికి ఏమీ లేదు.

బాలమ్మ ఏడవలేదు. దూడ తాడు చేతికి చుట్టుకుంటూ నా వైపు చూసి నెమ్మదిగా అన్నది:

"సూదితోని లేస్తదంటివి గద, డాక్టరమ్మా."

నేను జవాబు చెప్పే లోపే శేఖర్ చెప్పేశాడు. నాలా నీళ్లు తాగింది, కంపెనీ చంపింది, సాక్ష్యం కళ్ల ముందు ఉంది అని. జనం అవునన్నారు. ఒకరు ట్రాక్టర్ తేవడానికి పోయారు. చచ్చిన బర్రెను ట్రాలీలో వేసుకొని కంపెనీ గేటు ముందు పెట్టాలని అప్పటికప్పుడు తీర్మానం అయింది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ క్షణంలో ఆ కంపెనీ మీద నాకు తొలిసారి కృతజ్ఞత కలిగింది. గొప్పగా చెప్పుకునే విషయం కాదు.

అంతలో యాదగిరి నా మోచేయి ముట్టి, రెండో బర్రె రంగిని చూపించాడు. అది ఎనిమిది నెలల చూడిది. ముందు పెట్టిన గడ్డి ముట్టలేదు. మూతి నుంచి సొల్లు తీగలుగా కారుతోంది. వెనక కాళ్ల మీద అదే పలచటి పేడ.

రంగికి ఈనడానికి ఇంకా రెండు నెలలు ఉంది. కాబట్టి పాలజ్వరం అనడానికి వీల్లేదు. ఈసారి మోకాళ్ల మీద కూర్చొని, స్టెతస్కోప్ ఆనించి, గడియారం చూస్తూ నిమిషం మొత్తం విన్నాను. ఒక దెబ్బ. రెండు దెబ్బలు వెంటవెంటనే. తర్వాత ఖాళీ. మళ్లీ ఒక దెబ్బ. మెట్లు దిగే ముసలివాడు మధ్యలో ఆగి ఆలోచిస్తున్నట్టు ఉంది ఆ గుండె.

రెండు పశువులకు ఒకేలా వస్తే రోగం కంటే ముందు విషాన్ని అనుమానించాలి. ఏ విషమో తెలియాలి, ఎందుకంటే ఒకదాని విరుగుడు ఇంకోదానికి చావు. వరుసగా చూసుకుంటూ పోయాను. ఫ్యాక్టరీ నీళ్లలోని రసాయనాల్లో కొన్ని రక్తాన్ని చాక్లెట్ రంగుకు తిప్పుతాయి. చిగుళ్లు చూశాను, ఆ రంగు లేదు. వానలు ఆగి వాడిన లేత జొన్నలో విషం పుడుతుంది, కానీ అది తిన్న కాసేపటికే పడేస్తుంది, రాత్రంతా ఆగదు. పురుగుమందు అయితే కంటిపాప సూదిమొనంత అవుతుంది. రంగి కంటిపాప మామూలుగానే ఉంది. మిగిలింది గుండెను పట్టుకునే విషం. అది ఎక్కడిది?

లచ్చి పొట్ట కోసి చూస్తే తెలుస్తుంది. అప్పటికి దాని కాళ్లకు తాళ్లు కట్టి ట్రాలీ మీదికి లాగుతున్నారు. శవపరీక్ష చేయాలి, ఆపండి అన్నాను. శేఖర్ చెడ్డవాడు కాదు. ఆ నాలా గురించి ఎన్నో అర్జీలు పెట్టి, ఒక్కదానికీ జవాబు రాని మనిషి.

"కోసినంక గేటుకాడ ఏం సూపెడ్తం మేడమ్? తునకలా?"

నాకు రూలు ప్రకారం ఉన్న దారి ఇంకోటి: విషం అనుమానం అని పోలీసుకు రాసి, పంచనామా చేయించి, అప్పుడు కోయడం. దానికి సగం రోజు పడుతుంది. రంగి దగ్గర సగం రోజు ఉందో లేదో ఆ గుండె చెప్పడం లేదు.

నిన్న ఏం మేపారని బాలమ్మను అడిగాను. ఎప్పుడూ పెట్టేవే, జొన్న చొప్ప, తవుడు అన్నది. నిన్న సాయంత్రం తాను జున్ను పంచడానికి పోయానని, గడ్డి మాత్రం ఆయన కోసి వేశాడని చెప్పింది. మా వైపు బర్రె ఈనితే మొదటి రోజుల పాలతో జున్ను వండి చుట్టుపక్కల ఇళ్లకు పంచాలి. అది తప్పించే పని కాదు. తాను చెప్పకుండా ఆయన చేసిన పని పెళ్లయ్యాక అదే మొదటిదని కూడా అన్నది. మామూలు రోజైతే నవ్వేదాన్ని.

అప్పుడు వాకిట్లోని ఆ పోలీసు కటింగ్ గుర్తొచ్చింది.

ముందుకు నడిచాను. నాలుగో మడిలో గన్నేరు నా భుజం ఎత్తుకు దిగింది. కోసిన కొమ్మల చివర్లలో జిగురు ఎండి ఉంది. రెండు రోజుల నాటి కోత. నర్సింహారెడ్డి నా వెనకే వచ్చి నిలబడ్డాడు. కోసిన ఆకంతా ఎక్కడ వేశారని అడిగాను.

ఆయన కొట్టం వైపు చెయ్యి చూపించాడు. ఆ మనిషి లెక్క నాకు తర్వాత అర్థమైంది. కొట్టం నుంచి మడులకు పెంట వస్తుంది కాబట్టి మడుల నుంచి కొట్టానికి ఏదో ఒకటి తిరిగి పోవాలని ఆయన నియమం పెట్టుకున్నాడు. బంతి కాడలు, మందారం కొమ్మలు, గరిక, అన్నీ గడ్డి కోసే మిషన్‌లో వేసి, చొప్పలో కలపమని బాలమ్మకు ఇచ్చేవాడు. బర్రెలు తినేవి. రెండు రోజుల కిందట తొలిసారి నాలుగో మడి కూడా కత్తిరించాడు, ముందు రోజు సాయంత్రం ఆమె ఇంట్లో లేకపోవడంతో ఆ వాడిన ఆకును తానే కలిపి వేశాడు. గన్నేరులో విషం గింజలోనే ఉంటుందని, అదీ పసుపుపచ్చ పూల గన్నేరులోనే అని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదు. వాడిన గన్నేరు ఆకు, పచ్చి ఆకులాగా కాకుండా, పశువు నోటికి బాగుంటుందని, ముక్కలు చేసి తవుడు చల్లితే ఏరి పక్కన పెట్టే తెలివి బర్రెకు లేదని, విషం మాత్రం ఎక్కడికీ పోదని ఆయనకు ఎవరు చెబుతారు? చెప్పాల్సిన మనిషి పూలు బాగున్నాయని టీ తాగి పోయింది.

బాలింత బర్రెకు మొదటి గంప, పెద్ద గంప. అదీ ఆచారమే. అందుకే లచ్చి ముందు పడింది.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె దూడకు పక్కింటి పాలు పట్టే ప్రయత్నంలో ఉంది. వెనక ట్రాక్టర్ స్టార్ట్ అయింది. నోరు మూసుకుంటే ఆ తప్పు ట్రాలీ ఎక్కి గేటు దాకా పోయి కంపెనీ పేరు మీద పడిపోతుంది, ఆ ఊళ్లో దాన్ని ఎవరూ మళ్లీ అడగరు. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నా సూది తప్పు కూడా అదే ట్రాలీలో పోతుంది.

నర్సింహారెడ్డి నడుచుకుంటూ పోయి ట్రాక్టర్ ముందు నిలబడి ఇంజన్ మీద చెయ్యి వేశాడు. ఆగిపోయిన మిషన్ మీద వేసినట్టు వేశాడు, నడుస్తున్నదాని మీద.

"ఆపుర్రి. నీళ్లు గావు. నేనే ఏసిన."

శేఖర్ ఆయనకు వరసకు కొడుకవుతాడు. "కాకా, రిటైరైనంక గూడ కంపెనీ దిక్కేనా?" అన్నాడు. జనంలో కొందరు నవ్వారు. ఆ నవ్వు మంచిది కాదు.

బాలమ్మ దూడను వదిలి లేచింది. "ఆయన ఏ దిక్కో నేను సూస్కుంట. నువ్వు గది బందువెట్టు," అని శేఖర్‌తో అని, భర్త వైపు తిరిగింది. "ఏందేసినవ్?"

"నాలుగో మడిది. గన్నేరాకు. చొప్పల కలిపిన."

ఆమె ఆయన్ని చూసిన చూపును నేను వర్ణించను. అది వాళ్ల ఇంటి విషయం. ఆమె అన్నది మాత్రం ఇంత: "రంగిని సూడుర్రి ముందుగాల. తర్వాత మాట్లాడుకుందం."

గన్నేరుకు నేరుగా విరుగుడు మా చేతిలో లేదు. పొట్టలో ఉన్న విషాన్ని పట్టి ఉంచడానికి శుద్ధి చేసిన బొగ్గు పొడి తాగించాలి. గుండె బాగా మందగిస్తే కొద్ది మోతాదులో అట్రోపిన్ సూది ఇవ్వాలి. పశువును లేపకూడదు, నడిపించకూడదు, బెదరనివ్వకూడదు. కాల్షియం అసలే ఇవ్వకూడదు. గన్నేరు విషం ఉన్న గుండెకు కాల్షియం ఇవ్వడం కాలుతున్న ఇంటికి గాలి విసరడమే. ఆ వాక్యం పుస్తకంలో ఉంది. పొద్దున ఏడు గంటలకు నేను దాన్ని ప్రయోగం చేసి చూశాను.

అట్రోపిన్ నా సంచిలో ఉంది. బొగ్గు పొడి మా కేంద్రంలో ఉన్నది ఒక కుక్కపిల్లకు సరిపోతుంది. రంగికి కిలోకు పైగా కావాలి, అదీ ఒక్కసారితో అయిపోదు. సంగారెడ్డి ఆఫీసుకు ఫోన్ చేస్తే ముందు ఇండెంటు కాగితం పంపమన్నారు. నేను ఫోన్‌లో అడుగుతుంటే పక్కన నిలబడి విన్న నర్సింహారెడ్డి మెల్లగా అన్నాడు, ప్లాంటు స్టోర్‌లో కార్బన్ బస్తాలుంటాయని. మందులో రంగు పోగొట్టడానికి వాడతారట. మెత్తటి నల్ల పొడి, సీలు వేసిన బస్తాలు.

అదే బొగ్గు. నేను ప్రిస్క్రిప్షన్ చీటీ మీద, వాడనిది, సీలు తీయనిది, ఒక బస్తా, అత్యవసరం అని రాసి, సంతకం పెట్టి, కేంద్రం ముద్ర వేసి శేఖర్‌కు ఇచ్చాను. ఆయన చీటీ వైపు, ట్రాలీ వైపు చూశాడు.

"గేటుకాడ కొట్లాడుదమనుకుంటే బొగ్గు అడుక్కరమ్మంటున్నరా మేడమ్?"

"కొట్లాట రేపైనా ఉంటుంది. బర్రె ఉండదు," అన్నాను.

లచ్చిని దించి, ఖాళీ ట్రాలీతో పోయాడు. తర్వాత విన్నదేమంటే, ట్రాక్టర్‌ను చూడగానే సెక్యూరిటీ వాళ్లు గేటు మూసి, లోపలి నుంచి ఇంకో తాళం కూడా వేశారట. శేఖర్ చీటీని గేటు సందులోంచి లోపలికి ఇచ్చి, తాను నినాదాలకు రాలేదని చాలాసేపు నమ్మబలకాల్సి వచ్చిందట. ఆయన జీవితంలో అంత అవమానం ఎప్పుడూ పడలేదన్నాడు.

ఇక్కడ మాకు ఆ గంట చాలా పొడుగ్గా గడిచింది. బాలమ్మ రంగి తల ఒడిలోకి తీసుకొని కూర్చుంది. నేను గుండె వింటూ నిమిషానికి ఎన్ని దెబ్బలో, ఎన్ని ఖాళీలో చెబుతున్నాను. నర్సింహారెడ్డి సుద్దముక్కతో కొట్టం గోడ మీద గీతలు కొట్టి, టైము, దెబ్బలు, ఖాళీలు అని మూడు గళ్లు వేసి, పావుగంటకొకసారి రాశాడు. కంపెనీలో మిషన్ల లాగ్ అలాగే రాసేవాడట. అంకెలు వరుసగా ఉన్నాయి. మూడో గడిలో అంకె పెరుగుతూ పోయింది. ఒకసారి ఖాళీ ఎంత సేపు వచ్చిందంటే, నేను స్టెతస్కోప్ జారిందేమోనని సర్దుకున్నాను. జారలేదు. యాదగిరి అప్పటికే సూది నింపి పట్టుకొని ఉన్నాడు. ఇచ్చాను. మళ్లీ ఒక దెబ్బ వినపడింది, కొంచెం ఆలస్యంగా వచ్చిన ఉద్యోగిలాగా.

బొగ్గు వచ్చింది. బస్తాతోపాటు హెల్మెట్ పెట్టుకున్న ఒక ఇంజనీరు కూడా వచ్చాడు. సొమ్ము కంపెనీది కదా, ఎక్కడికి పోతుందో చూడమన్నారట. ఆయన్ను బకెట్ పట్టుకోమన్నాను. పొడిని నీళ్లలో కలిపి, నోట్లో కట్టె అడ్డం పెట్టి, గొట్టం పొట్టలోకి దించాలి. గొట్టం దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే గన్నేరు చేయాల్సిన పని మనమే చేసేస్తాం. పైగా పశువు పెనుగులాడితే ఆ గుండె ఆగిపోవచ్చు. బాలమ్మ దాని చెవిలో ఏదో అంటూనే ఉంది. ఏమన్నదో వినపడలేదు, రంగి మాత్రం కదలలేదు. గొట్టం చివర వాసన చూశాను, గడ్డి పులిసిన వాసన. అది పొట్టే. గరాటాలో పోశాం. పూర్తయ్యేసరికి రంగి, బాలమ్మ, ఇంజనీరు, నేను ఒకే రంగులో ఉన్నాం.

గుండె లెక్కను యాదగిరికి అప్పజెప్పి, కొట్టం వెనక లచ్చి శవపరీక్ష చేశాను. పోలీసు స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పడంతో, ఆపాటికి పంచనామాకు కానిస్టేబుల్ కూడా వచ్చాడు. పెద్ద పొట్టలో జొన్న ముక్కల మధ్య, ఇరుకైన, తోలులాంటి ఆకు ముక్కలు ఉన్నాయి. నడి ఈనె నుంచి రెండు పక్కలకూ సన్నని ఈనెలు దువ్వెన పళ్లలా పోతాయి. వేరే ఆకులా పొరబడటం కష్టం. పొట్ట, కాలేయం ముక్కలను సంతృప్త ఉప్పు ద్రావణంలో సీసాల్లో వేసి, ల్యాబ్‌కు పంపడానికి సీలు చేశాం. శేఖర్ దగ్గరే నిలబడి అంతా చూశాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు:

"మేడమ్, ఒక్కపారి కంపెనీ అని రాసిస్తే మీదేం వోతది? ఆళ్లు చేసినయి ఎన్ని లేవు?"

ఉన్నాయి. అందుకే రాయలేనన్నాను. ఈ ఒక్కటి అబద్ధమని తేలితే, రేపు నిజంగా నాలా వల్ల చచ్చినదాన్ని కూడా గన్నేరే అంటారు. కావాలంటే నాలా నీళ్లు ఇంకో సీసాలో పట్టుకురా, అవి వేరే కాగితం మీద పంపుతాను అన్నాను. కాసేపు ఆలోచించి సీసా తీసుకొని పోయాడు. ఆ నీళ్ల మీద రిపోర్టు ఏమైందో నేను రిటైర్ అయ్యేదాకా తెలియలేదు. అది వేరే జ్ఞాపకం, అందులో హాస్యం లేదు.

మధ్యాహ్నం రెండోసారి బొగ్గు పట్టించాం. గోడ మీద మూడో గడిలోని అంకెలు ఒక చోట ఆగి, తర్వాత ఒక్కొక్కటే దిగడం మొదలుపెట్టాయి. సాయంత్రం నాలుగు దాటాక రంగి ఒకసారి తేన్చింది. ఇంకాసేపటికి దవడ పక్కకు కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. నెమరు. మాకు అంతకు మించిన రిపోర్టు ఉండదు. నర్సింహారెడ్డి సుద్దముక్కతో గోడ మీద టైము వేసి, పక్కన 'నెమరు' అని రాసి, కింద గీత కొట్టాడు.

అప్పుడు బాలమ్మకు చెప్పాల్సింది చెప్పాను. గన్నేరు లచ్చిని ఎట్లాగైనా చంపేదేమో, కానీ నా సూది దాన్ని తొందరపెట్టింది, గుండె సరిగా వినకుండా ఇచ్చాను, ఆ గన్నేరు మొక్కను ఎండాకాలంలోనే చూసి కూడా ఒక్క మాట చెప్పలేదు అని. ఆమె బొగ్గు చేతులు కొంగుకు తుడుచుకుంటూ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"ఆయనది ఐటీఐ సదువు, నీది డాక్టర్ సదువు. నేను సదువుకోకుంటనే మంచిగైంది."

నేను సంచిలోంచి సర్టిఫికెట్ పుస్తకం తీశాను.

సర్టిఫికెట్‌లో మరణకారణం గన్నేరు విషం అని రాసి, దాని కింద, కాల్షియం ఇవ్వడం వల్ల తీవ్రత పెరిగి ఉండవచ్చు అని రాశాను. మా పైఅధికారి చదివి, రెండో వాక్యం అడిగినవాళ్లు లేరు కదా అన్నారు. లేరు సార్ అన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకొని సంతకం పెట్టారు.

నాలుగో మడి గన్నేరును నర్సింహారెడ్డి ఆ వారమే వేళ్లతో సహా పీకాడు. పొగ కూడా మంచిది కాదు, కాల్చొద్దని చెబితే గుంత తీసి పూడ్చాడు. ఆ మడిలో ఇప్పుడు బర్రెలు తినే గడ్డి పెంచుతున్నాడు. నడుము ఎత్తున ఉండటంతో రంగి నిలబడే తినగలదు. పూలకు కట్టిన మడిలో గడ్డేమిటని అడిగిన వాళ్లకు, నాలుగో నంబర్ బాలమ్మకు రాసిచ్చేశానని చెబుతాడు. రంగి రెండు నెలలకు సుఖంగా ఈనింది. బాలమ్మ కేంద్రానికి జున్ను తెచ్చి బల్ల మీద పెట్టి, ఈసారి గడ్డి తానే కోశానని చెప్పి పోయింది.

నేను నేర్చుకున్నవి రెండు, రెండూ కొత్తవి కావు. కాల్షియం సీసా మూత తీసే ముందు గుండెను నిమిషం మొత్తం వినాలి, వెనక ఎంతమంది మాట్లాడుతున్నా సరే. కొట్టంలోకి పోయే ముందు వాకిట్లో ఏం పెంచుతున్నారో, ఏం కత్తిరించారో చూడాలి. పశువు ముట్టదు అనే మాట చెట్టు మీదున్న ఆకుకే వర్తిస్తుంది. మిగిలిన మూడేళ్ల సర్వీసులో ఆ నిమిషాన్ని మళ్లీ ఎగ్గొట్టలేదు. పూలు బాగున్నాయని చెప్పడం కూడా మానలేదు. కాకపోతే, టీ తాగే ముందు చెప్పాల్సింది చెప్పి, ఆ తర్వాత మెచ్చుకుంటాను.